వెళ్లొచ్చాక బిల్లులివ్వండి అంటే ఎవరెళ్తారు? శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలో ఒక శ్రీలంక కోర్సు కేస్ స్టడీ

ముందే రెండు మాటలు. కాలేజీ పేరు, ఊరు, మనుషుల పేర్లు ఏవీ రాయట్లేదు, ఒకరిద్దరి వివరాలు గుర్తుపట్టకుండా కావాలనే మార్చాను. రెండోది, ఇందులో ట్యాక్స్ గురించి రాసిందంతా ఆ ఏడాది మాకు వర్తించిన లెక్క, మీ ఆడిటర్‌ని అడక్కుండా దీన్ని పట్టుకుని ముందుకెళ్లకండి.

నేను విజయనగరంలో ఉంటాను. డిగ్రీ కాలేజీలకి సిలబస్, బడ్జెట్, న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) పనుల్లో సాయం చేస్తుంటాను, ఇరవై ఏళ్లు పాఠం చెప్పాకే ఈ పనిలోకొచ్చాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, డిగ్రీ పిల్లల్ని కోర్సులో భాగంగా విదేశం తీసుకెళ్లాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అందరూ మొదట అడిగేది "డబ్బెవరిస్తారు సార్" అని. మా మొదటి ఏడాది అనుభవంలో డబ్బు ఉంది, శాంక్షన్ అయింది, చివరికి మిగిలిపోయింది కూడా. వెళ్లాల్సిన పిల్లలు మాత్రం వెళ్లలేదు.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలో ఒక ట్రస్ట్ నడిపే అటానమస్ కాలేజీ. బీఏ హిస్టరీలో చేరేవాళ్లు ఏటా తగ్గుతున్నారు, మిగిలిన పాతిక మందీ దాదాపు పల్లెల నుంచే, సముద్రపొడ్డు ఊళ్లు, ఉద్దానం, సీతంపేట వైపు గిరిజన గూడేలు. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక లెక్చరర్ ఉన్నారు, ఆవిడ చాలా ఏళ్లుగా ఒకటే మాట అంటుండేవారు, మన పిల్లలకి చరిత్ర అంటే ఢిల్లీ సుల్తానులు, మొఘలులు, వీళ్ల కాళ్ల కింద ఉన్న చరిత్ర మాత్రం సిలబస్‌లో రెండు పేజీలు అని. అటానమస్ కాబట్టి ఒక పేపర్ సొంతంగా పెట్టుకునే వీలుంది, ఆవిడ "కళింగ - లంక" అని ఒక కోర్సు రాసారు.

ఆ కోర్సు ఎందుకు బావుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే తర్వాత డబ్బడిగిన ప్రతిచోటా "విదేశం దేనికి, ఇది టూరే కదా" అన్న ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. శ్రీలంక క్యాండీలో దలదా మాళిగావలో ఉన్న బుద్ధుడి దంతం కళింగ రాజధాని దంతపురం నుంచి వెళ్లిందని వాళ్ల దాఠావంశం అనే పాత గ్రంథం చెప్తుంది, నాలుగో శతాబ్దంలో హేమమాలి అనే రాకుమారి జుట్టులో దాచుకుని భర్త దంతకుమారుడితో కలిసి సముద్రం దాటించిందని కథ. మన సరుబుజ్జిలి మండలంలో దంతపురం ఉంది, దంతవక్త్రుని కోట అని పిలిచే మట్టికోట, అదే ఆ దంతపురం అని కొందరు పండితులంటారు, కాదు ఒడిశాలో పాలూరు అని ఇంకొందరు. ఇక శ్రీలంకలోనే పొలొన్నరువలో నిశ్శంకమల్లుడనే రాజు, 1187 నుంచి 1196 దాకా ఏలాడు, ఆయన చెక్కించిన గల్‌పోత అనే రాతిపుస్తకం ఉంది, సుమారు 25 టన్నుల రాయి, అందులో తను కళింగలో సింహపురంలో పుట్టానని రాసుకున్నాడు. ఆ సింహపురం మన శ్రీకాకుళం, నరసన్నపేట మధ్య హైవే మీదున్న సింగుపురమేనని ఒక వాదం. క్లాసులో ఒక కుర్రాడు రోజూ బస్సెక్కేది సింగుపురం స్టాప్‌లోనే.

ఇంక వంశధార ఒడ్డున శాలిహుండం ఉండనే ఉంది, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిన బౌద్ధక్షేత్రం, పక్కనే కళింగపట్నం రేవు. అంటే ఈ కోర్సులో సగం మన ఇంటి పక్కన ఉంది, సగం సముద్రం అవతల ఉంది, రెండు సగాలూ చూస్తే తప్ప ఎవరి వాదం ఎంత నిలుస్తుందో పిల్లలకి తెలీదు. అదీ ప్రయాణం పెట్టడానికి కారణం.

నన్ను పిలిచిన సమస్య

2023 జూన్‌లో ప్రిన్సిపల్‌గారు ఫోన్ చేసారు. గవర్నింగ్ బాడీ ఒప్పుకుంది, మనిషికి 20 వేల చొప్పున 24 మందికి 4 లక్షల 80 వేలు శాంక్షన్ చేసింది, ఈ గ్రాంట్ ఎలా నడపాలో రూల్స్ రాసిపెట్టమన్నారు. నేను బయటి యూనివర్సిటీలు ఎలా చేస్తాయో చదివాను. అమెరికాలో చాలాచోట్ల లెక్చరర్ తన కోర్సులో వారం పది రోజుల ప్రయాణం కలుపుతానంటే యూనివర్సిటీ గ్రాంట్ ఇస్తుంది, ప్రయాణం విడిగా టూర్ లాగ కాకుండా క్రెడిట్లున్న కోర్సు లోపల ఉంటుంది. బ్రిటన్‌లో 2021లో ట్యూరింగ్ స్కీమ్ మొదలైంది, పిల్లలు విదేశంలో చదవడానికి ప్రభుత్వ సొమ్ము. అమెరికాలో గిల్మన్ స్కాలర్‌షిప్ 2001 నుంచి ఇస్తున్నారు, పెల్ గ్రాంట్ తీసుకునే తక్కువ ఆదాయం పిల్లలకి 5,000 డాలర్ల దాకా.

ఆ పద్ధతి చూసి అప్లికేషన్ ఫారం, సెలక్షన్ మార్కులు, బిల్లుల ఫార్మాట్ అన్నీ మనకి తగ్గట్టు రాసిచ్చాను. ఇక్కడే నా మొదటి తప్పు. అక్కడ క్రెడిట్లు ఒప్పుకున్న విదేశీ చదువుకి పిల్లాడి మామూలు ఫెడరల్ సాయం కూడా వాడుకోవచ్చు, అంటే గ్రాంట్ పడకముందే అడుగున ఒక డబ్బు ఉంటుంది. మన పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ట్యూషన్ వరకే, ఇలాంటి ప్రయాణానికి దాన్నుంచి రూపాయి రాదు. వసతి దీవెన కింద డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20 వేలు వచ్చే రోజులవి, అది హాస్టల్‌కీ బస్సుకీ సరిపోవడమే కష్టం. అడుగున ఏమీ లేనిచోట పైన గ్రాంట్ ఎలా నిలబడుతుందో నేను ఆలోచించలేదు.

మొదటి ఏడాది ఏం చేసాం, ఎందుకు చేసాం

విశాఖలో ఒక ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీ ఇచ్చాడు, చెన్నై నుంచి కొలంబో విమానం, అయిదు రాత్రులు, బస్సు, భోజనం, మనిషికి 44,000, మీద 5 శాతం జీఎస్టీ, 46,200. దాని మీద టీసీఎస్.

ఈ టీసీఎస్ గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, మా కథంతా దీని దగ్గరే తిరిగింది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాడు కొనేవాడి దగ్గర ట్యాక్స్ వసూలు చేసి కట్టాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అప్పట్లో ఉన్న రూల్ ఏంటంటే ఒక కొనుగోలుదారుకి ఏడాదిలో 7 లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతం. కాలేజీ పేరు మీద 24 మందికీ ఒకే బిల్లు చేస్తే 11 లక్షల 8 వేల 800 అవుతుంది, 7 లక్షల మీద 35 వేలు, మిగతాదాని మీద 81,760, మొత్తం 1,16,760. అదే ఎవరి బిల్లు వాళ్ల పేరు మీద చేస్తే అందరూ 5 శాతంలోనే ఉంటారు, మనిషికి 2,310, మొత్తం 55,440. తేడా 61 వేల పైచిలుకు.

ట్రెజరర్‌గారు అన్నారు, అరవై వేలు ఎందుకు కట్టాలి, ఎవరి బిల్లు వాళ్లు చేయించుకోండి అని. నాకూ సబబే అనిపించింది. ఒక్కసారి ఆ నిర్ణయం తీసుకున్నాక మిగతావన్నీ వాటంతటవే వచ్చేసాయి. బిల్లు పిల్లాడి పేరు మీద ఉంటే డబ్బు కట్టేది పిల్లాడే, కాలేజీ ఆ బిల్లు చూసి తర్వాత ఇవ్వాలి, అంటే రీయింబర్స్‌మెంట్. డిసెంబర్ 15కి 15 వేలు అడ్వాన్స్, జనవరి 5కి మిగిలింది. అందులో పాన్ కార్డు లేనివాళ్లకి టీసీఎస్ రెట్టింపు, 10 శాతం, క్లాసులో 13 మందికి పాన్ లేదు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే టీసీఎస్ అనేది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేస్తే తిరిగొచ్చేదే. అరవై వేలు కొన్ని నెలలు ఇరుక్కుంటాయని భయపడి మొత్తం బరువు తీసుకెళ్లి పిల్లల ఇళ్ల మీద పెట్టాం. ఆ మీటింగ్‌లో నేనున్నాను, ఎవ్వరం ఆ కోణంలో అడగలేదు.

ఏం జరిగింది

జూలైలో 19 మంది పేర్లిచ్చారు. జనవరిలో విమానం ఎక్కింది 7 గురు. ఏడుగురూ శ్రీకాకుళం టౌన్ వాళ్లే, ఉద్యోగస్తుల పిల్లలు, ఒకరిది షాపు. పల్లె నుంచి ఒక్కరు లేరు. శాంక్షన్ అయిన 4 లక్షల 80 వేలలో ఖర్చయింది 1 లక్షా 40 వేలు, మిగతా 3 లక్షల 40 వేలు అకౌంట్‌లోనే పడి ఉంది.

తేదీలు చూడండి. జనవరి 5 అంటే పెద్దపండగకి వారం ముందు. పల్లెలో ఏ ఇంట్లోనైనా చేతిలో ఉన్న ప్రతి రూపాయికీ అప్పుడు దారి రాసిపెట్టి ఉంటుంది, బట్టలు, పిండివంటలు, అల్లుడొస్తాడు, కూతురొస్తుంది. ధాన్యం అమ్మినవాళ్లకి కూడా డబ్బు చేతికందేసరికి ఆలస్యం అవుతుంది. ఆ తేదీ పెట్టింది ఏజెంట్, మేం చూసి సరే అన్నాం.

ఒక రోజు నేను ఆఫీసులో ఉండగా ఒకమ్మ వచ్చింది, క్లాసులో మంచి మార్కులొచ్చే అమ్మాయి తల్లి, చేపలమ్ముకుంటుంది, పొద్దున్నే గంప అమ్మేసి తిన్నగా వచ్చినట్టుంది. వరండా మెట్టు మీదే కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది, వందలు, రెండొందలు, అయిదొందలు, మొత్తం నాలుగువేలు. "ఇది అడ్వాన్సు కింద ఉంచండి మేస్టారూ, మిగిల్ది చీటీ పాడీసి ఇస్తాను, మా గుంట పేరు మాత్రం తియ్యొద్దు" అంది. చీటీ ముందు పాడితే ఎంత తెగ్గోసుకుని తీసుకోవాలో మనకి తెలుసు. క్లర్క్ తప్పేం లేదు, అతనికిచ్చిన కాగితంలో 15 వేలకి తక్కువ తీసుకోవద్దని ఉంది. ఆవిడ నోట్లు మళ్లీ ముడేసుకుని వెళ్లిపోయింది. ఆ కాగితం రాసింది నేను.

ఆ అమ్మాయి వెళ్లలేదు. వెళ్లని 17 మందికి బదులుగా లైబ్రరీ అసైన్‌మెంట్ ఇచ్చాం, నిశ్శంకమల్లుడి శాసనం మీద ఆమె రాసినదే క్లాసులో అందరికంటే బావుందని లెక్చరర్ చెప్పారు. తర్వాత డిగ్రీ అయిపోయింది, పెళ్లయింది అన్నారు. రెండో ఏడాది ఎన్ని సరిచేసినా ఆ అమ్మాయికి చెయ్యగలిగింది ఏమీ లేదు.

డబ్బొక్కటే కారణం కూడా కాదు. ఇంకో తండ్రి మీటింగ్‌లో లేచి అన్నాడు, "మా వోళ్లు గుజరాత్ బోట్ల మీదెళ్లి పాకిస్తాన్ జైల్లో పడ్డారు, దేశం దాటితే ఏటవుతాదో మీకేటి తెలుస్తాది బాబూ" అని. 2018 నవంబర్‌లో పట్టుకుపోయిన మన జాలర్లని 2020 జనవరిలో గానీ వదల్లేదు, ఆ పద్నాలుగు నెలలు ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ ఎలా గడిపాయో ఇక్కడోళ్లకి గుర్తుంది. దానికి తోడు 2022లో శ్రీలంక దివాళా తీసిందని టీవీలో చూసారు. మేం మీటింగ్‌లో వాళ్లకి ఖర్చు గురించి చెప్పాం గానీ భయం గురించి మాట్లాడలేదు.

ఇక వెళ్లొచ్చిన ఏడుగురికీ 20 వేలు చేతికందేసరికి జూన్ అయింది. మార్చిలో ఆడిటర్‌గారు ఫైల్ ఆపేసారు. ట్రస్ట్‌కి ఇన్‌కం ట్యాక్స్ మినహాయింపు ఉండాలంటే ఆదాయం మన దేశంలో ధర్మకార్యాలకి ఖర్చు కావాలి, దేశం బయట పెట్టిన ఖర్చుని ఇన్‌కం ట్యాక్స్ బోర్డు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప లెక్కలోకి తీసుకోరు, అప్పటి 1961 చట్టం సెక్షన్ 11 లో ఉంది. "మీరు విదేశీ ప్రయాణం అని రాసిన ప్రతి ఓచరూ నాకు తలనొప్పే" అన్నారాయన. ఆయన చెప్పింది న్యాయమే, మేం శాంక్షన్‌కి ముందే ఆయన్ని కూర్చోబెట్టుకోవాల్సింది.

మధ్యలో తట్టిన తలుపులు

2024 వేసవంతా డబ్బు దారులు వెతికాం. త్వరగా చెప్పేస్తాను.

కాలేజీలకి కేంద్రం ఇచ్చే రూసా, దాని తర్వాత వచ్చిన పీఎం ఉషా సొమ్ము బిల్డింగులు, పరికరాలు లాంటి హెడ్‌ల కింద వస్తుంది, పిల్లల విదేశీ ప్రయాణానికి మేం వాడుకోగలిగే హెడ్ దొరకలేదు. పైడిభీమవరం వైపు ఒక ఫార్మా కంపెనీని సీఎస్సార్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) అడిగితే వాళ్ల ఆఫీసర్ మంచాయన, రూలు తెరిచి చూపించాడు, దేశం బయట చేసే పనికి సీఎస్సార్ ఖర్చు చెల్లదు, జాతీయ, అంతర్జాతీయ స్థాయిలో ఆడే మన క్రీడాకారుల శిక్షణకి మాత్రమే మినహాయింపు. మూడు నెలలు తిరిగాక తెలిసిన సంగతి ఇది, మొదటిరోజే చదువుకునుంటే సరిపోయేది. కానీ ఆయనే ఒక మాటన్నాడు, "శాలిహుండం, దంతపురం తిప్పడానికి బస్సు, భోజనం మేం ఇవ్వగలం కదా" అని. ఆ మాట విన్నాకే నాకు బుర్రలో లెక్క తిరగబడింది.

అందరికంటే కష్టమైంది అమెరికాలో ఉన్న ఒక పూర్వ విద్యార్థికి వద్దని చెప్పడం. మొత్తం నేనొక్కడినే ఇస్తానన్నాడు. కానీ ఆయన అక్కడి పౌరుడు, చేతిలో ఓసీఐ కార్డుంది (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది), విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ లెక్కలో ఆయన విదేశీయుడే, మా ట్రస్ట్‌కి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. "నేను అక్కడే పుట్టి అదే కాలేజీలో చదివినోణ్ణి, నా డబ్బు విదేశీ డబ్బేటండీ" అని బాధపడ్డాడు. తప్పదన్నాం. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. అందుకే తర్వాత ఖతార్‌లో వెల్డింగ్ పని చేసే ఒకతను, డిగ్రీ మధ్యలో మానేసి వెళ్లిపోయినవాడు, ఇద్దరు పిల్లల టికెట్లు పెట్టుకోగలిగాడు.

ఏం పనిచేసింది

అప్పటిదాకా మేం ట్రిప్ మొత్తాన్ని ఒక ముద్దగా చూసి దాత కోసం వెతికాం. ఈసారి ఖర్చుని ముక్కలు చేసి, ప్రతి ముక్క ఏ దేశంలో ఖర్చవుతుంది, ఏ డబ్బు అక్కడ చెల్లుతుంది అని కాగితం మీద రెండు వరసలు గీసుకున్నాం.

ప్యాకేజీ మానేసాం. కేవలం విమానం టికెట్ కొంటే దాన్ని టూర్ ప్యాకేజీ అనరు, విదేశీ ప్రయాణ టికెట్, బస, అలాంటి మిగతా ఖర్చుల్లో కనీసం రెండు కలిస్తేనే ప్యాకేజీ, 2023 జూన్ 30న వచ్చిన 10వ నంబర్ సర్క్యులర్‌లో ఇన్‌కం ట్యాక్స్ బోర్డు సీబీడీటీ ఇది స్పష్టం చేసింది. టికెట్ ఒక్కటే కొన్నాం కాబట్టి టీసీఎస్ సమస్యే పోయింది.

బస కోసం శ్రీలంకలో ఒక యూనివర్సిటీ చరిత్ర విభాగంతో మాట్లాడాం, మా పిల్లలు మీ హాస్టల్‌లో, మీ పిల్లలు మా హాస్టల్‌లో, అక్కడ బస్సు మీది, ఇక్కడ బస్సు మాది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రూపాయి కదలక్కర్లేదు. పైగా వాళ్లని మన ఊళ్లో చూసుకోడానికయ్యే ఖర్చు మన దేశంలోనే అవుతుంది కాబట్టి ట్రస్ట్ సొమ్ము నిక్షేపంగా వాడొచ్చు, ఆడిటర్‌గారు దీనికి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆఫీసులో ఎవరో ఇది యూజీసీ ట్విన్నింగ్ రెగ్యులేషన్స్ కిందికి వస్తుందని ఒక నెల ఆపారు, 2022 నాటి ఆ రూల్స్ డిగ్రీలు కలిపి ఇచ్చే ఒప్పందాలకి, అయిదు రోజుల ఫీల్డ్‌వర్క్‌కి కాదు అని రాసిచ్చాక కదిలింది. ఇంకొకటి, విదేశీయులు మన హాస్టల్‌లో దిగితే, అప్పటి రూల్ ప్రకారం 24 గంటల్లో వాళ్ల వివరాలతో ఆన్‌లైన్‌లో ఫారం సి ఇవ్వాలి, ముందే జిల్లా పోలీసాఫీసుకెళ్లి కనుక్కుని వార్డెన్‌కి నేర్పించాం.

లెక్క ఇలా తేలింది. పాస్‌పోర్ట్ 1,500, శ్రీకాకుళం రోడ్ నుంచి చెన్నై రానూపోనూ స్లీపర్ వెయ్యి, ఇన్సూరెన్స్ 600, ఇవి కాలేజీవి. విమానం 19,500 పూర్వ విద్యార్థులది, ట్రస్ట్‌కి రాకుండా తిన్నగా టికెట్ ఏజెంట్‌కే కట్టారు, పిల్లాడికి గిఫ్ట్ లెక్క, ఏడాదికి 50 వేల లోపు కాబట్టి పిల్లాడికి ట్యాక్స్ లేదు. అక్కడ భోజనాలు, ఈటీఏ (శ్రీలంక ఆన్‌లైన్ ప్రవేశ అనుమతి), ఎంట్రీ టికెట్లు కలిపి 7,200, సార్క్ దేశాల పాస్‌పోర్ట్‌కి చాలాచోట్ల ఎంట్రీ సగమే. అందులో 6,000 పిల్లలది, 1,200 పూర్వ విద్యార్థులది. ఇద్దరు లెక్చరర్లకీ ఇదే లెక్కన కలిపితే బయటినుంచి కావాల్సింది సుమారు 4 లక్షల 76 వేలు, అరవై మందికి పైగా తలా కొంత వేసుకున్నారు.

ఆ 6,000 దగ్గర పెద్ద చర్చే అయింది. ప్రిన్సిపల్‌గారు ఆదాయాన్ని బట్టి పెడదాం, బాగా లేనివాళ్లకి ఉచితం, ఉన్నవాళ్లకి పదిహేను వేలు అన్నారు. నేను ఒప్పుకోలేదు. క్లాసులో 26 మంది, 23 మంది ఇళ్లల్లో తెల్లకార్డుంది, దాన్నిబట్టి ఎవర్ని విడదీస్తాం? పైగా మొదటి ఏడాది "ఆర్థిక ఇబ్బందుల వివరణ" అని ఒక పేజీ రాయమంటే ముగ్గురు ఆ పేజీ చూసే ఫారం వెనక్కిచ్చేసారు. తన ఇంటి లేమిని తోటివాళ్ల ముందు అర్జీగా రాసుకోవాలంటే పద్దెనిమిదేళ్ల పిల్లలకి ప్రాణం పోయినంత పని. అందుకని అందరికీ ఒకటే రేటు, అది అందరిలోకీ తక్కువ ఉన్న ఇంటికి కూడా అందేలా. నెలకి వెయ్యి చొప్పున జూలై నుంచి డిసెంబర్ దాకా, పండగలోపే అయిపోయేలా. ఒక నెల తప్పితే అడగొద్దని క్లర్క్‌కి గట్టిగా చెప్పాం. నలుగురు తప్పారు, నలుగురూ డిసెంబర్‌కల్లా కట్టేసారు. వెళ్లకపోతే మొత్తం వెనక్కి.

పాస్‌పోర్ట్‌ని కోర్సులో మొదటి అసైన్‌మెంట్ చేసాం. వెళ్లినా వెళ్లకపోయినా 26 మందీ అప్లై చెయ్యాల్సిందే, ట్రిప్‌కి ఆర్నెల్ల ముందే. ఎందుకంటే మొదటి ఏడాది ఇద్దరు డబ్బు సిద్ధం చేసుకుని కూడా పేర్ల తేడా వల్ల ఆగిపోయారు. ఈసారి కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూస్తే 11 మందికి తేడాలున్నాయి. ఒకమ్మాయి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, తండ్రి పేరు ఒకదాంట్లో అప్పలనాయుడు అని కలిపి, ఇంకోదాంట్లో అప్పల అని ఒక ముక్క, నాయుడు అని ఒక ముక్క. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు విప్పి రాయాలి. ఆధార్ సరిచేయించి, విశాఖ మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఒకసారి వెనక్కి తిరిగొచ్చి, రెండోసారి పనైంది. తండ్రి ఒకప్పుడు గల్ఫ్ వెళ్లొచ్చినవాడు, కూతురి పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఈసీఆర్ ముద్ర లేదేటి" అన్నాడట. అది పనికోసం కొన్ని దేశాలకెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, పది పాసైతే పడదని కూతురే చెప్పింది.

క్రెడిట్లు కూడా మార్చాం. మార్కులన్నీ శాలిహుండం, దంతపురం ఫీల్డ్‌వర్క్ మీద, అది అందరూ చేసేదే, ఆ కంపెనీ బస్సులోనే వెళ్లారు. శ్రీలంక వెళ్లేవాళ్లు అక్కడి శాసనాలు, కట్టడాలు నోట్ చేసుకొస్తారు, వెళ్లనివాళ్లు ఇక్కడికొచ్చే శ్రీలంక పిల్లలకి మన స్థలాలు చూపించే బాధ్యత తీసుకుంటారు. ఈ రెండోది ఉత్తినే సర్దుబాటుకి పెట్టింది కాదు, ఇంగ్లిష్‌లో దంతపురం వాదాన్ని బయటి దేశం పిల్లల ముందు నిలబెట్టడం అన్నిటికంటే కష్టమైన పని, ఒకరిద్దరు కావాలని ఇదే ఎంచుకున్నారు.

భయం సంగతికి ఒకే పని చేసాం. మొదటి ఏడాది వెళ్లొచ్చిన ఇద్దరమ్మాయిల్ని తీసుకుని ఆదివారాలు ఊళ్లకే వెళ్లాం, సముద్రపొడ్డు ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చుని, పాస్‌పోర్ట్ ఉండి వెళ్లడానికీ బోటు సరిహద్దు దాటిపోడానికీ తేడా ఏంటో ఆ అమ్మాయిలే చెప్పారు. లెక్చరర్ మేడంగారి నంబర్ ప్రతి తల్లి ఫోన్‌లో వేసిచ్చాం, అక్కడినుంచి రోజూ రాత్రి వీడియో కాల్ అన్నాం, అలాగే చేసాం.

2025 జనవరిలో పండగ వెళ్లాక 26లో 21 మంది వెళ్లారు. ఆగిన అయిదుగురిలో ఒకరికి పోలీస్ వెరిఫికేషన్ టైముకి రాలేదు, ఒకరి ఇంట్లో తల్లికి ఒంట్లో బాలేదు, ముగ్గురు ఇక్కడ ఉండిపోతామన్నారు. డబ్బు లేక ఆగినవాళ్లు లేరు.

క్యాండీలో దలదా మాళిగావ లైన్‌లో నిలబడ్డప్పుడు పక్కన తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ మీదెక్కడని అడిగిందట. ఇండియా అన్నారు. ఇండియాలో ఎక్కడ అంటే సీతంపేట నుంచి వచ్చిన కుర్రాడు కళింగ అన్నాడు, మా కాలేజీ నుంచి దంతపురం దగ్గరే అని. ఆవిడ రెండు చేతులూ జోడించి, తన చేతిలో తామరపూలు వాడి చేతిలో పెట్టి, మీరు ముందెళ్లండని పక్కకి జరిగింది. వాడు నాతో చెప్తూ, "సార్, అక్కడ నాకు ఒకటే గుబులు, అది నిజంగా మన దంతపురమో కాదో ఇంకా తేలలేదు కదా, ఆవిడకి ఆ మాట చెప్పాలా వద్దా" అన్నాడు. కోర్సు వాడికి ఎంత ఎక్కిందో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసింది నాకు.

ఇప్పుడు మాకు తెలిసినవి, ఇంకా తేలనివి

ఇంకో కాలేజీ అడిగితే నేను మొదట చూసేది గ్రాంట్ ఎంత అని కాదు, మొదటి రూపాయి ఎవరి జేబులోంచి ఏ తేదీన బయటికి రావాలి అని. ఆ తర్వాతే మిగతావి. ఆడిటర్‌ని మొదటి మీటింగ్‌లోనే కూర్చోబెడతాను. టీసీఎస్ హద్దు 2025 ఏప్రిల్ నుంచి 7 లక్షల బదులు 10 లక్షలైంది, ఇలా మారుతూనే ఉంటాయి, కాబట్టి పాత లెక్కతో ప్లాన్ వెయ్యొద్దు.

అన్నీ కుదిరాయని కాదు. పరస్పర హాస్టల్ ఏర్పాటు మొదలైన ఆ ఏడాది మనవాళ్లు లెక్చరర్లతో కలిపి 23 మంది వెళ్తే వాళ్లు 10 మందే వచ్చారు, వచ్చే ఏడాది ఇరవై మంది వస్తామన్నారు, మన హాస్టల్‌లో అమ్మాయిల వైపు అన్ని గదులు లేవు. పూర్వ విద్యార్థులు మొదటిసారి ఉత్సాహంగా ఇచ్చారు, ఏటా అడిగితే ఇస్తారా అన్నది వేరే సంగతి, ఈసారి ఇప్పటిదాకా వచ్చింది 3 లక్షల 10 వేలు.

ఇంకో విషయం మేం అనుకోకుండా మొదలైంది. పొలొన్నరువ దగ్గర పల్లెల్లో మంచినీళ్ల ప్లాంట్ల ముందు క్యాన్లతో లైన్లు చూసి ఒక ఉద్దానం అమ్మాయి ఆగిపోయింది, వాళ్ల నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. అడిగితే అక్కడ కూడా అదే జబ్బు, కారణం తేలని కిడ్నీ వ్యాధి, ఆ ప్రాంతంలో 1990ల నుంచి ఉంది. తను ఫోన్‌లో నింపుకొచ్చిన ఫొటోల్లో సగం శాసనాలు, సగం నీళ్ల ట్యాంకులు. అది చూసి కెమిస్ట్రీ లెక్చరర్ వచ్చి, నీళ్ల పరీక్షల మీద మా బీఎస్సీ పిల్లలకీ ఇలాంటి కోర్సు పెడదాం, కవిటిలో సగం, అక్కడ సగం అన్నారు. ఖర్చుని మళ్లీ రెండు వరసల్లో గీసాం. ఇక్కడి వరసంతా నిండింది, అవతలి వరసలో విమానం గడి ఇంకా ఖాళీగానే ఉంది. వాయిదాలు జూలై నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఈ వారం ఆ గడి గురించే తిరుగుతున్నాం.